మామ సొంత బల్ల

అమెరికా వచ్చిన మొదటి వారంలో మా మామ దైవాశీర్వాదం చేసిన ఒకే ఒక్క పని, ఎవరిదో కిందపడ్డ బంతి ఏరి ఇవ్వడం.

ఎడిసన్ అనే ఊరి దగ్గర బౌలింగ్ ఆడే చోటు ఒకటుంది. దాని వెనక గదిలో పూల్ టేబుళ్ళు, కర్రతో బంతుల్ని కొట్టి బొక్కల్లో వేసే బల్లలు, ఉంటాయి. చూసి ముచ్చటపడతాడని నేనే తీసుకుపోయి, బల్ల అద్దెకు తీసుకుని, కర్ర చేతికిచ్చాను. మామ కర్రని నిలువుగా పట్టుకుని కొన మీద ఊదాడు. రుమాలుతో పైనుంచి కిందిదాకా తుడిచాడు. మళ్ళీ నాకే ఇచ్చేసి, గోడ దగ్గరికి పోయి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఇంతలో పక్క బల్ల మీద ఆడుతున్న ఎవడిదో బంతి ఎగిరి కిందపడి దొర్లింది. అరవై దాటిన మనిషి, ఒంగి పరిగెత్తి దాన్ని పట్టుకుని, చొక్కాకి తుడిచి, రెండు చేతులతో తెచ్చిచ్చాడు. ఆ ఆడేవాడు "థాంక్యూ సర్" అన్నాడు. సర్ అనేసరికి మామ తత్తరపడి మళ్ళీ గోడకి అంటుకుపోయాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ అబ్బాయి మీద కాదు.

మామ ఉద్యోగమంతా ఒక రైల్వే కాలనీ క్లబ్బులో మార్కర్‌గా చేశాడు. ఊరి పేరు రాయను. ఏ కాలనీ పేరు రాసినా పెద్ద తేడా ఉండదు. మార్కర్ అంటే బిలియర్డ్స్ బల్ల పక్కన నిలబడి పాయింట్లు కేకవేసేవాడు. బల్ల మీది పచ్చగుడ్డని బ్రష్షుతో దువ్వాలి, బరువు ఇస్త్రీపెట్టెతో ఇస్త్రీ చెయ్యాలి, కర్రల కొనకి సుద్ద రాయాలి, బంతులు ఏరాలి. ముందు తెల్లోళ్ళు ఆడారు. వాళ్ళు పోయాక మన ఆఫీసర్లు ఆడారు. తెల్లోళ్ళు పోయారు గదా అని మామ చేతికి కర్రేం రాలేదు. మాలోడు ఆ బల్ల మీద ఒంగి గురిచూడ్డమనే ఊహే అక్కడెవరికీ రాలేదు. స్వరాజ్యం గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే మా మామ దగ్గరికి రండి, మాట్లాడదాం.

కారులో తిరిగొస్తూ అడిగితే ఇలా అన్నాడు:

"కర్ర ముట్టుకుంటా, తుడిచేదానికి. బంతి ముట్టుకుంటా, ఎత్తిచ్చేదానికి. కర్రతో బంతిని ముట్టుకునేదే లేదబ్బయ్యా."

"ఎవరూ లేనప్పుడు దొంగచాటుగా అయినా ఆడలేదా మామా?"

"దొంగచాటుగా ఆడేదేందిరా? అది వాళ్ళ బల్ల. మనదైతే ఆడతా."

మనదైతే ఆడతా. ఆ మాట నా బుర్రలో మేకులా దిగింది.

మామకి షుగరు. అది కళ్ళని తినేస్తోంది. నా భార్య లూసీ ఆస్పత్రిలో నర్సు. తండ్రిని పిలిపించింది ఆ కళ్ళ కోసమే. లేజర్ పెట్టించింది. ఉన్న చూపు నిలబడితే అదే పదివేలు, వేసవి దాటి నిలుస్తుందని మాత్రం మాటివ్వలేను అన్నాడు కంటి డాక్టరు. అప్పటికే మామకి తెలుపూ పసుపూ తేడా తెలియడం మానేసింది. అంటే టైం లేదు. చూపు ఆరిపోయేలోగా మామకి సొంత బల్ల కావాలి. దాని మీద ఆయన ఆడాలి.

లూసీకి చెప్తే నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఫ్యాక్టరీలో తగాదాలు చాలక ఇప్పుడిది పట్టుకున్నావా? ఏ సమ్మె చేస్తే వస్తదయ్యా పూల్ టేబులు?"

"సమ్మె చెయ్యకుండా మన వంశంలో ఎవడికైనా ఏదైనా వచ్చిందా?"

"వచ్చింది. నేనొచ్చా. నేను నర్సు వీసా మీద వస్తే నా తోక పట్టుకుని నువ్వొచ్చావ్."

అది నిజమే. నా పేరు సుందర్ రాజ్. బడి చదువు ఎనిమిదితో ఆగింది. మిగతాది కరపత్రాలు రాసి, గోడలకి అంటించి, పోలీసులు చింపేస్తే మళ్ళీ రాసి నేర్చుకున్నాను. ఇక్కడ న్యూజెర్సీలో వైర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేస్తాను, యూనియన్ తరఫున మేనేజర్లతో పోట్లాడతాను. పోట్లాడ్డం వచ్చు. థాంక్స్ చెప్పడం సరిగా రాదు. ఈ కథ రాయడం కూడా అందుకే ఇంత ఆలస్యమైంది.

కొత్త బల్ల కొనే స్తోమత లేదు. ఫ్యాక్టరీలో నా పక్క మిషన్ మీద వాల్టర్ అని పోలిష్ వాడుండేవాడు. వాడి బావ ఎడ్డీకి ఒహాయోలో, స్టీలు మిల్లులున్న ఊళ్ళో, ఒక బార్ ఉంది. మిల్లులు మూసేశారు. మిల్లు లేని ఊళ్ళో బార్‌కి ఎవడొస్తాడు? ఎడ్డీ కూడా మూసేస్తున్నాడు. బార్‌లో పూల్ టేబుల్ ఉంది, తక్కువకే ఇస్తా, వచ్చి పట్టుకుపొమ్మన్నాడు. ఎనభై రెండు ఫిబ్రవరి అది. అద్దె ట్రక్కు తీసుకుని ఒక్కణ్ణే పోదామనుకున్నా. మామ నా కంటే ముందే కోటు, మంకీ టోపీ తొడుక్కుని ట్రక్కులో కూర్చున్నాడు.

"నువ్వెందుకు మామా ఇంత చలిలో?"

"నా బల్ల నేను లేకుండా ఎట్టొస్తది?"

ఎడ్డీ ఊరు చేరాం. పొగ రాని పొగగొట్టాలు వరసగా, మైళ్ళకి మైళ్ళు. మూసినవాడు ఎక్కడో వెచ్చగా కూర్చునే ఉంటాడు, ఎప్పుడూ అంతే. ఎడ్డీ బార్‌లో పదిమంది దాకా ఉన్నారు. అందరూ మిల్లులో పని పోయినవాళ్ళే. బల్ల పోతోందని తెలిసి ఆఖరి ఆట ఆడటానికొచ్చారు. మామ బల్ల చుట్టూ ఒకసారి తిరిగాడు. పెదవి విరిచాడు.

"చిన్నది. మా క్లబ్బు బల్ల ముందు పిల్లకాయ. ఈ బొక్కలేందిరా ఇంత పెద్దవి? గుమ్మడికాయ గూడా పడతది."

నాకు అప్పుడు తెలిసింది, అమెరికా వాడి పూల్ వేరు, మామ చూసిన బిలియర్డ్స్ వేరు అని. "వద్దా మామా?" అన్నాను.

"వొద్దని అన్ననా? చిన్నదన్నా. నేను మాత్రం ఏం పొడుగుండా?"

వాళ్ళు మామని ఆడమన్నారు. ఆయన తల అడ్డంగా ఊపి గోడ దగ్గర నిలబడ్డాడు. బంతి కిందపడితే పోయి ఎత్తిచ్చాడు. వాళ్ళ ఆఖరి ఆట అయిపోయింది. అడిగిన ధర ఎడ్డీ చేతిలో పెట్టేశాను. అప్పుడు మామ నా మోచెయ్యి గిల్లాడు.

"అబ్బయ్యా, ఇన్నాళ్ళూ ఆడింది వీళ్ళు గదా. వీళ్ళంతా ఒప్పుకుంటేనే మనదవుద్ది. అడుగు."

ఇదేం చాదస్తమనుకున్నా, అడిగాను. ఈ పెద్దాయన ఇలాంటి బల్ల పక్కన జీవితమంతా నిలబడ్డాడు, ఒక్కసారీ ఆడనివ్వలేదు, మీరందరూ ఒప్పుకుంటేనే తీసుకుంటానంటున్నాడు, అని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. బార్‌లో ఒక ముసలాయన గ్లాసు కింద పెట్టి చెయ్యెత్తాడు. పక్కవాడెత్తాడు. యూనియన్ మీటింగులో ఓటేసినట్టు, ఒకరి తర్వాత ఒకరు, అందరూ చేతులెత్తారు. ఎన్నో మీటింగులు చూశాను నేను. అంత శుభ్రమైన తీర్మానం ఇంకోటి చూళ్ళేదు.

ఇక బల్ల విప్పడం. నాలుగు కాళ్ళు పట్టుకుని ఎత్తి ట్రక్కులో పెట్టేయడమే అనుకున్నాను. ఎడ్డీ గుడ్డ ఊడదీస్తే కింద రాయి! నల్ల పలకరాయి, మూడు ముక్కలు, ఒక్కొక్కటీ నలుగురు పడితేగానీ లేవదు. ఆ మిల్లు మనుషులే ఎత్తారు. పని పోయి నాలుగేళ్ళయినా చేతులు పని మర్చిపోలేదు. పలకల్ని పడుకోబెడితే కుదుపుకి పగుల్తాయని, ట్రక్కులో గోడకి ఆనించి నిలబెట్టి, మధ్యలో లూసీ ఇచ్చిన పాత పరుపు దూర్చి, తాళ్ళతో కట్టారు. డబ్బివ్వబోతే తిట్టారు. ఎడ్డీ కాగితంలో చుట్టి తేనెమైనం ముద్ద ఒకటి మామ చేతిలో పెట్టాడు. పలకలు అతికేచోట సందుల్లో కరిగించి పొయ్యాలట. మామ దాన్ని కోటు లోపలి జేబులో దాచుకున్నాడు, అక్కడ ఆయన బైబిలుంటుంది.

తిరుగుదారిలో పెన్సిల్వేనియా కొండల్లో మంచు పట్టుకుంది. అద్దం ముందు తెల్ల దుప్పటి కప్పినట్టు. హైవే మూసేస్తున్నారు, దిగిపొమ్మన్నారు. దిగే వంపులో బ్రేక్ వేశాను. వెనక రాళ్ళ బరువు మమ్మల్ని తోసింది. ట్రక్కు మెల్లగా, తాపీగా, నాతో ఏం సంబంధం లేనట్టు జారిపోయి ముందు చక్రాలు గుంటలో దిగేశాయి. వెనక ఏదో ధడేల్మంది.

మామ వెనక్కి తిరిగి చూశాడు.

దారి మళ్ళిస్తున్న పోలీసాయన మమ్మల్ని తన కారులో ఎక్కించుకుని పక్క ఊళ్ళో పెట్రోలు బంకు దగ్గర దించాడు. ట్రక్కు సంగతి రేపే అన్నాడు. ఊళ్ళో ఉన్న ఒక్క మోటెలూ లారీ డ్రైవర్లతో నిండిపోయింది. బంకు బయట ఫోన్ బూత్, అందులో గొలుసుకి వేలాడే టెలిఫోన్ డైరెక్టరీ.

"మనోళ్ళ పేర్లు చూడు," అన్నాడు మామ.

ఆ రోజుల్లో అమెరికాలో తెలుగువాళ్ళందరూ చేసే పనే ఇది. తెలియని ఊళ్ళో చిక్కుకుంటే డైరెక్టరీ తీసి రావు, రెడ్డి, శర్మ ఎక్కడున్నారో చూసి ఫోన్ చెయ్యడం, వాళ్ళు ముక్కూమొహం తెలియకపోయినా వచ్చి ఇంటికి తీసుకుపోవడం. అందరూ మెచ్చుకునే ఆచారం. నేను మెచ్చుకోను. సుందర్ రాజ్ అని నా పేరు అచ్చయి ఉంది, తెలుగువాడని గుర్తుపట్టి ఒక్కడైనా ఫోన్ చేశాడా? చెయ్యడు. మా పేర్లు వాళ్ళకి తెలుగు పేర్లు కావు. ఇక వాళ్ళింటికి మేం పోతే కాఫీ వచ్చేలోగా "మీరేమిట్లు?" అని కులం అడిగే ప్రశ్న వస్తుంది. జవాబు విన్నాక కాఫీ రుచి మారుతుంది.

"నేను చెయ్యను మామా. ఇక్కడే బంకులో కూర్చుందాం."

"నా కాళ్ళు మొద్దుబారిపొయ్యాయిరా. నీ పోరాటం రేపు జెయ్యి."

షుగరు మనిషి కాళ్ళు. నోరు మూసుకుని పేజీలు తిప్పాను. ఊరంతటికీ ఒక్క రావు ఉన్నాడు. కొండల్ రావు, డాక్టరు. ఫోన్ చేసి తెలుగులో చెప్పాను. అవతల ఆయన నా మాట పూర్తి కానివ్వలేదు.

"ఆడనే ఉండుండ్రి. కదలకుండ్రి. వస్తున్న."

పొడుగాటి స్టేషన్ వ్యాగన్‌లో వచ్చాడు. కరీంనగర్ వైపు మనిషి, నా వయసే. మామని ముందు సీట్లో కూర్చోబెట్టి హీటరు ఆయన కాళ్ళ మీదికి తిప్పాడు. నేను వెనకనుంచి, అడగకముందే, గట్టిగా చెప్పేశాను:

"ముందే చెప్తున్నా డాక్టర్ గారూ. క్రైస్తవులం. మాలోళ్ళం. నెల్లూరు జిల్లా."

ఆయన అద్దంలోంచి నన్ను చూశాడు. "మంచిది. నేను మత్తు డాక్టర్ని. కరీంనగర్ జిల్లా. బెల్టు పెట్టుకో అన్నా, రోడ్డు జారుతున్నది."

ఇంట్లో ఆయన భార్య గౌరి, తల్లి రాజేశ్వరమ్మ ఉన్నారు. రాజేశ్వరమ్మ ఆర్నెల్ల కోసం వచ్చి మంచులో ఇరుక్కున్న మనిషి. పట్టుచీర మీద కొడుకు ఓవర్‌కోటు, కాళ్ళకి రెండు జతల సాక్సులు. "రా బిడ్డా, కూసో" అని మమ్మల్నిద్దర్నీ భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టింది. పప్పు, వంకాయ, నెయ్యి వాసన. ఎదురుగా అద్దాల బీరువాలో స్టీలు కంచాలు, అద్దంలో మొహం చూసుకునేలా మెరుస్తూ, దొంతులు దొంతులుగా. 

మా ముందు మాత్రం కాగితం ప్లేట్లు పెట్టింది. కాగితం గ్లాసులు.

నాకు అర్థమైపోయింది. చిన్నప్పుడు హోటల్ వెనక మాకు వేరే గ్లాసులు ఉండేవి, మేమే కడిగి చూరులో పెట్టాలి. అవి ఇక్కడ కాగితం అయ్యాయి, వాడి పారేస్తే పోతుంది, కడిగే పని కూడా లేదు. అమెరికా తెలివి! పక్కన చూస్తే మామ తల వంచుకుని శ్రద్ధగా తింటున్నాడు. ఆ శ్రద్ధ చూసి ముద్ద కింద పెట్టేశాను.

"ఏమైంది బిడ్డా? ఉప్పు తక్కువైందా?"

"ఆ బీరువాలో కంచాలు ఎవరికమ్మా?"

"ఎవరికేంది?"

"మాకెందుకు పెట్టలేదని అడుగుతున్నా. కారులోనే చెప్పా మేమెవరమో. కొడుకు చెవిలో ఊదాడా? స్టీలు మైలపడుద్దా?"

గౌరి చేతిలో గరిటె ఆగిపోయింది. డాక్టరు "అన్నా..." అని లేచాడు. రాజేశ్వరమ్మ కొడుకుని కూర్చోమని సైగ చేసి, వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ముసలి చెయ్యి, ఇనప పట్టు.

"లే. రా ఇటు."

వంటింట్లోకి లాక్కుపోయి పంపు ముందు నిలబెట్టింది.

"ఇప్పు. నువ్వే ఇప్పు."

తిప్పాను. పంపు దగ్గింది. చుక్క లేదు. సింకునిండా అంట్ల గుట్ట. చెత్తబుట్టలో కాగితం ప్లేట్లు, పొద్దుట్నించీ ఇంటిల్లిపాదీ తిన్నవి, ఇంత ఎత్తున. పొయ్యి మీద పెద్ద గిన్నెలో మంచు కరుగుతోంది.

"నిన్నటి సంది పైపులల్ల నీళ్ళు గడ్డకట్టినయ్. మంచు ఉడకబెట్టుకొని కాఫీ తాగుతున్నం. మాకు మొకం కడుగుకోను నీళ్ళు లెవ్వు, నీకు స్టీలు కంచం గావాల్నా?"

పంపు కట్టేశాను. ఆవిడ మాత్రం ఆగలేదు.

"గని ఒక్క మాట. నువ్వడిగింది తప్పనను. మా ఊళ్ళయితే నిన్నుగాని ఆ పెద్దాయననుగాని మా దర్వాజ దాటనియ్యకపోదును. అబద్ధమాడితే నాకేమొస్తది?"

"మరి ఇక్కడెందుకు దాటనిచ్చావమ్మా?"

"ఈడికొచ్చినప్పటి సంది నాతోని తెలుగుల కొట్లాడినోడు ఒక్కడు లేడు. కొడుకు దవాఖానకు పోతడు. కోడలు ఏమన్నా నవ్వుకుంట ఊకుంటది. నువ్వొచ్చి అన్నం ముందట కూసొని లడాయి వెట్టుకున్నవ్. పానం లేసొచ్చింది నాకు. రా, తిన్నంక ఇంకింత కొట్లాడుదాం."

తిరిగొచ్చేసరికి మామ ప్లేటు ఖాళీ. "ఇంకొంచెం వంకాయ వెయ్యమ్మా," అంటున్నాడు గౌరితో. "వీడి సంగతి ఇంతే. మా పిల్ల పెళ్ళిలో గూడా కుర్చీల కాడ తగాదా పడ్డాడు."

రాజేశ్వరమ్మ బీరువా తెరిచి స్టీలు కంచం తీసి నా ముందు కొట్టినట్టు పెట్టింది. "ఇండ్ల తిను. కడిగేది మాత్రం నువ్వే."

కడిగాను. డాక్టరూ నేనూ వాకిట్లో చతికిలబడి, మా ఊళ్ళో బూడిదతో తోమినట్టు, మంచుతో ఆ కంచం తోమాం. తోముతున్నామని చూసి గౌరి సింకులో అంట్లన్నీ తెచ్చి మా ముందు గుమ్మరించింది. వేళ్ళు కొయ్యలైపోయాయి. ఆ ప్రశ్న అడిగినందుకు నేను ఇప్పటికీ సిగ్గుపడను. అడగాల్సిన ప్రశ్నే, వేల ఇళ్ళలో అడగాలి. ఆ రోజు ఆ ఇంట్లో జవాబు వేరుగా వచ్చింది, అంతే. ఉన్నది ఉన్నట్టు నా మొహం మీద చెప్పిన మొదటి పెద్దింటి మనిషి రాజేశ్వరమ్మ. దానికి నేను ఆవిడకి రుణపడ్డాను. ఒప్పుకుంటున్నాను.

మర్నాడు ఎండొచ్చింది. కొండల్ రావు తన ఆస్పత్రి బాయిలరు దగ్గర పనిచేసేవాళ్ళని, వార్డు బాయ్‌లని వెంటబెట్టుకొచ్చాడు. తమాషా చూడాలని రాజేశ్వరమ్మ కూడా కారెక్కింది. ట్రక్కు తలుపు తీస్తే తాడు తెగి ఒక పలక పరుపు మీదికి వాలిపోయి ఉంది. కిందికి దించి చూస్తే ఒక మూల, బంతి పడే చోట, అరచేయంత ముక్క ఊడిపోయింది.

నేను మంచులో అలాగే కూర్చుండిపోయాను. ఇంత దూరం తెచ్చి, ఆ మిల్లు మనుషులు అంత జాగ్రత్తగా కట్టిస్తే, నా బ్రేకు మింగేసింది. మామ వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చూపుతో కాదు, వేళ్ళతో చూశాడు. అంచుని తడిమాడు, ఊడిన ముక్కని తీసి దాని చోట్లో పెట్టి చూశాడు.

"విరిగిపోయింది మామా."

"మూల విరిగింది. బల్ల ఉంది." కోటులో చెయ్యిపెట్టి తేనెమైనం ముద్ద ఉందో లేదో తడుముకున్నాడు. "ఆరు బొక్కల్లో అయిదు బాగుండాయి గదరా. నాకు చాలు. ఏడవమాక, లే."

రాజేశ్వరమ్మ పలకల్ని పైనుంచి కిందికి చూసింది. "ఈ బండల కోసమా ఇంత దూరమొచ్చింది? నన్నడిగితే మా ఊరి గుట్టకాడ ఊరికే ఇప్పియ్యకపోదునా! ఏం జేస్తరు వీటితోని, పచ్చడి నూరుతరా?"

"ఆడతామమ్మా," అన్నాడు మామ. "నేను ఆడతా."

"నువ్వా?" అని ఆయన టోపీ నుంచి బూట్ల దాకా చూసింది. "ఆడినంక ఫోన్ చెయ్యి. చెయ్యకపోతే నేనే జేస్త."

గొలుసు వేసి ట్రక్కుని గుంటలోంచి లాగారు. పలకలు మళ్ళీ ఎక్కించారు. ఈసారి తాళ్ళు కొండల్ రావే కట్టాడు, కుట్లు వేసినంత ఓపికగా. గౌరి దారికని పులిహోర కట్టిచ్చింది. కాగితం ప్లేట్లు కూడా పెట్టింది, నా వైపు చూసి నవ్వుతూ.

ఇంటికొచ్చాక వాల్టర్‌ని పిలిచి, బేస్‌మెంట్‌లో బల్ల బిగించాం. కాళ్ళ కింద చెక్కముక్కలు పెట్టి రసమట్టంతో సరిచూశాం. లూసీ పొయ్యి మీద తేనెమైనం కరిగించి తెచ్చింది. సందుల్లో పోశాం. విరిగిన ముక్కని మూలకి అతికించి, చుట్టూ మైనం నింపి, ఆరాక చదును చేశాం. మీద గుడ్డ బిగించి లాగాం. వాల్టర్ బంతులు పేర్చి మామకి కర్ర ఇచ్చి వెళ్ళిపోయాడు.

మామ కర్ర గోడకి ఆనించాడు. బ్రష్షు తీసుకున్నాడు. ఆ చివరనుంచి ఈ చివరకి, ఒకే వైపుకి, పేర్చిన బంతుల్ని కదపకుండా, గుడ్డంతా దువ్వాడు. దువ్వి, గోడ దగ్గరికి పోయి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

నా ప్రాణం పోయినంత పనైంది. ఒహాయోలో పదిమంది చేతులెత్తారు. పెన్సిల్వేనియాలో మనుషులు మంచులో దొర్లారు. ఇంకా ఎవరు ఒప్పుకోవాలి?

"నాయనా," అంది లూసీ మెట్ల మీదనుంచి. "ఎవరి కోసం నిలబడుండావ్? ఎవరూ రారు ఇక."

"అలవాటమ్మే," అన్నాడు మామ. నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

నేను ఆలోచించలేదు. పోయి ఆయన చేతిలో బ్రష్షు లాక్కున్నాను. భుజం పట్టి పక్కకి జరిపి, ఆయన నిలబడ్డ చోట నేను నిలబడ్డాను. వీపు గోడకి, చేతులు వెనక్కి. గోడ దగ్గర ఇంక చోటు లేదు. ఆయనకి మిగిలింది బల్ల ఒక్కటే.

మామ టోపీ తీశాడు. ప్రార్థన మొదలుపెట్టాడు. ఎడ్డీ, చెయ్యెత్తిన ప్రతివాడూ, వాళ్ళకి పని దొరకాలని. పోలీసాయన. డాక్టరు, గౌరి పిల్ల, ఆ ఇంటి పైపులు. గుడ్డ కింద కనపడకుండా ఉన్న విరిగిన మూల. "నిజం చెప్పిన ఆ రాజేశ్వరమ్మ గారు." చివరికి, "తగాదాలమారి అల్లుడు." నేను ప్రార్థన చేసే మనిషిని కాను. ఆ రోజు ఆమెన్ అని పైకే అన్నాను, లూసీ ఉలిక్కిపడింది.

మామ కర్ర తీసుకుని ఒంగాడు. ఎడమచెయ్యి గుడ్డ మీద పరిచి వేళ్ళ మధ్య కర్ర ఆనించాడు. అది జీవితమంతా చూసిన భంగిమ, చెయ్యని భంగిమ. కొట్టాడు. తెల్లబంతి పేర్చిన బంతులని తాకనే లేదు, పక్కనుంచి పోయి బొక్కలో పడింది.

"ఏం పడింది?" అన్నాడు ఆత్రంగా.

"తెల్లది మామా. తప్పు."

"తప్పే!" అన్నాడు. మొహమంతా వెలిగిపోయింది. "నేను కొట్టిందే గదా. పెట్టు మళ్ళీ."

ఆ తర్వాత రెండో దెబ్బ బంతుల్ని చెదరగొట్టింది. ఎన్నో దెబ్బకో ఒక ఎర్రబంతి మెల్లగా దొర్లి, అతికించిన ఆ మూలలోనే పడింది. సరిగ్గా అప్పుడే పైన వంటింట్లో ఫోన్ మోగింది. లూసీ తీసింది. పొడుగాటి వైరు లాక్కుంటూ మెట్ల దాకా వచ్చి రిసీవరు నా చేతికిచ్చింది.

"ఆడిండా ముసలాయన?" రాజేశ్వరమ్మ.

"ఆడుతున్నాడమ్మా. ఇదిగో, విను."

రిసీవరు బల్ల వైపు చాపాను. మామ కొట్టాడు. బంతికి బంతి తగిలి టక్కుమంది.

"వినపడిందా అమ్మా?"

"వినొచ్చింది బిడ్డా. మా పైపులల్ల నీళ్ళొచ్చినయ్. ఈసారి వస్తే స్టీలు కంచమే. కడుగుడు నేనే కడుగుత, అందరి కంచాలతోని కలిపి."

థాంక్స్ చెప్పాలని నోరు తెరిచాను.

"అబ్బయ్యా!" మామ కేకేశాడు బల్ల మీదనుంచి, ఇంకా ఒంగే ఉండి, తల కూడా తిప్పకుండా. "మార్కర్ పనిలో ఫోనేందిరా? బంతి కిందపడింది. ఎత్తిచ్చి పాయింట్లు చెప్పు."

రిసీవరు లూసీకిచ్చి, ఒంగి పరిగెత్తాను.